కార్డు యాప్‌లో ఆన్-ఆఫ్ బటన్లు: ఏళ్లుగా వాడుతున్నవాడి మాట

క్రెడిట్ కార్డు మోసాల గురించి ఎవరడిగినా నేను ముందు చెప్పేది, మీ బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగులు తెరవమని. దేశంలో వాడకం, విదేశీ వాడకం, ఆన్‌లైన్, స్వైప్ మిషన్, ట్యాప్ చేసి కట్టడం, ఏటీఎం, అన్నిటికీ విడివిడిగా బటన్లుంటాయి, పక్కనే లిమిట్ పెట్టుకోవచ్చు. బ్యాంకులు మన మీద ప్రేమతో ఇచ్చినవేం కాదులెండి, 2020 అక్టోబరు 1 నుంచి ఇచ్చి తీరాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. అప్పట్నుంచి కొత్త కార్డు కూడా దేశంలోని ఏటీఎంలలో, స్వైప్ మిషన్లలో మాత్రమే పనిచేసేలా వస్తుంది, మిగతావి మనమే తెరుచుకోవాలి. మనవాళ్లు కార్డు చేతికి రాగానే అన్నీ ఒకేసారి ఆన్ చేసేసి ఇంక అటు తొంగి చూడరు.

నా కార్డులో విదేశీ వాడకం ఎప్పుడూ ఆఫ్. ఏటీఎం కూడా ఆఫే, క్రెడిట్ కార్డుతో డబ్బు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ, పైన ఫీజు, దానికి వేరే దొంగ అక్కర్లేదు. ఆన్‌లైన్ మాత్రం ఏదైనా కొనేటప్పుడు ఆన్ చేసి, అయిపోగానే ఆపేస్తాను.

వీటన్నిట్లో బాగా పనికొచ్చింది విదేశీ బటనే. మన సైట్లలో ఓటీపీ లేకుండా పని జరగదు గానీ చాలా విదేశీ సైట్లు దాని ఊసే ఎత్తవు, కార్డు నంబరు, గడువు తేదీ, వెనకాల మూడంకెలు తెలిస్తే చాలు. ఒక రాత్రి పడుకోబోతుంటే మెసేజ్ వచ్చింది, ఎప్పుడూ పేరు వినని సైటులో రెండు డాలర్లు, విదేశీ వాడకం ఆపి ఉన్నందున తిరస్కరించాం అని. రెండు డాలర్లేగా అని వదిలేసే విషయం కాదది. కార్డు బతికుందా లేదా అని ముందు చిల్లర మొత్తంతో చూస్తారు, పాసైతే ఆ తర్వాత అసలు దెబ్బ. అప్పటికప్పుడు యాప్‌లోనే బ్లాక్ చేసి కొత్త కార్డు తెప్పించుకున్నాను. నా నంబరు ఎక్కణ్నుంచి బయటికి పోయిందో ఇప్పటికీ అంతుపట్టలేదు.

ట్యాప్ సంగతికొస్తే, 2021 జనవరి నుంచి 5,000 రూపాయల దాకా పిన్ లేకుండా పోతుంది. నెల్లూరులో రొట్టెల పండగ రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర కాలు పెట్టే సందుండదు, అక్కడ పర్సు జారిందంటే దొరికినవాడు దుకాణంలో ట్యాప్ చేసుకుంటూ పోవచ్చు. నాకు పిన్ నొక్కే ఓపికుంది, అందుకే అదీ ఆఫ్.

ఇబ్బందులు లేవా అంటే బోలెడు. చిన్నబజారులో బిల్లు దగ్గర వెనక పదిమంది నిలబడి ఉంటే, సిగ్నల్ అందక యాప్ గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, మనకు చెమటలు. ఆన్‌లైన్ ఆపినందుకు నెలనెలా దానంతటదే కట్టుకోవాల్సిన బిల్లు కూడా ఒకసారి ఆగిపోయింది. ఈ బటన్లను యాప్‌లో ఏ మూలనో నాలుగు మెనూల కింద దాచిపెట్టడం ఇంకో దరిద్రం.

ఇంతా చేసి, మనమే తలుపు తీస్తే ఈ బటన్లేం చేయలేవు. కావలిలో రొయ్యల చెరువులు చేసే మా మామకు వాట్సాప్‌లో బండి చలానా పేరుతో ఒక ఏపీకే ఫైలు, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు, వచ్చింది. తెరిస్తే కార్డు వివరాలు అడిగింది, ఇచ్చాడు. మెసేజులు చదివే అనుమతి అడిగితే అదీ నొక్కాడు, ఇంక ఓటీపీలు నేరుగా వాళ్ల చేతికే. "ఏందబ్బయా, చలానా కట్టకపోతే బండి ఎత్తకపోతారనుకున్నా" అంటాడు. నేను అంతకుముందే ఆయన ఆన్‌లైన్ లిమిట్ మూడు వేలకు దించి పెట్టాను కాబట్టి పెద్ద మొత్తాలు వెనక్కి తిరిగాయి, పోయింది ఆ మూడు వేల లోపే. వెంటనే కార్డు బ్లాక్ చేయించి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేశాం. పోయింది మాత్రం తిరిగి రాలేదు.

ఎందుకు రాలేదంటే, రిజర్వ్ బ్యాంకు 2017 నిబంధన ప్రకారం మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాడి వల్ల డబ్బు పోతే, మెసేజ్ అందాక 3 పనిదినాల్లోపు చెబితే మనకు పైసా భారం ఉండదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే, 5 లక్షల లోపు లిమిట్ కార్డుకు గరిష్ఠంగా 10,000 మన నెత్తిన పడొచ్చు. ఓటీపీ మన చేతుల మీదుగా పోతే మాత్రం, బ్యాంకుకు చెప్పేదాకా పోయినదంతా మనదే. బ్లాక్ చేసిన తర్వాత ఫిర్యాదు నంబరు రాసుకోండి, టైముతో సహా.

ఇంకోటి, ఈ బటన్లలో ఏది మార్చినా బ్యాంకు నుంచి మెసేజో మెయిలో వస్తుంది. మీరు ముట్టుకోకుండానే 'విదేశీ వాడకం ఆన్ అయింది' అని వచ్చిందంటే యాప్‌లోకి ఎవడో దూరినట్టే, అప్పుడు బటన్ ఆపుతూ కూర్చోవద్దు, కార్డు బ్లాక్ చేసి పాస్‌వర్డ్ మార్చండి.