లైనక్స్‌లో ఫ్రీక్యాడ్: పీణ్య టూల్ రూమ్‌లో ఏళ్ల తరబడి వాడాక

బెంగళూరు పీణ్యలో మాది చిన్న టూల్ రూమ్. ఒక వీఎంసీ (కంప్యూటర్ నడిపే మిల్లింగ్ మెషిన్), ఒక లేత్, ఒక సర్ఫేస్ గ్రైండర్, నాతో కలిపి ఆరుగురం. ఎక్కువగా మెషినింగ్ ఫిక్చర్లు (పని జరిగేటప్పుడు పార్టుని కదలకుండా పట్టేవి), డ్రిల్ జిగ్‌లు (రంధ్రం సరైన చోట పడేలా డ్రిల్‌కి దారి చూపేవి) చేస్తాం. డిజైన్ పనంతా నాదే. 2021 మధ్య నుంచి నా కంప్యూటర్‌లో విండోస్ లేదు. ఉబుంటు అనే లైనక్స్, దాని మీద ఫ్రీక్యాడ్ అనే ఉచిత క్యాడ్ (పార్టులు డిజైన్ చేసే) సాఫ్ట్‌వేర్. 0.19 వెర్షన్‌తో మొదలుపెట్టి 1.0 దాకా వచ్చాను. వారం రోజులు వాడి రాసిన సమీక్షలు చాలానే చదివాను. రోజూ పార్టు చేసి కస్టమర్‌కి అప్పగించేవాడికి కావలసిన సంగతులు వాటిలో కనబడలేదు, అందుకే రాస్తున్నాను.

అంతకుముందు వాడిన సాఫ్ట్‌వేర్ ఒకసారి కొనుక్కునే పద్ధతి మానేసి ఏడాది చందాకి మారింది. ఆరుగురి షెడ్డుకి అది మోయలేని ఖర్చు. దాన్నే లైనక్స్‌లో వైన్ (విండోస్ ప్రోగ్రాముల్ని లైనక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడపాలని రెండు వారాలు కష్టపడ్డాను. తెరుచుకునేది, కానీ లైసెన్స్ విండో ఖాళీగా వచ్చేది, జూమ్ చేస్తే డైమెన్షన్లు మాయమయ్యేవి. డెలివరీ దగ్గర పడ్డప్పుడు అలాంటి టెన్షన్ పెట్టుకుని పని చేయలేం.

లైనక్స్‌కే సొంతంగా తయారైన క్యాడ్ ఎంత అవసరమో నాకు అప్పుడే అర్థమైంది. విండోస్ కోసం రాసిన క్యాడ్‌లో మెనూలు, డైలాగులు, బొమ్మ గీసే భాగం చాలావరకు విండోస్ లైబ్రరీల మీదే ఆధారపడి ఉంటాయి. దాన్ని లైనక్స్‌కి తేవాలంటే ఆ భాగాలన్నీ మళ్లీ రాయాలి. బెల్జియంకి చెందిన బ్రిక్స్‌క్యాడ్ వాళ్లు ఆ శ్రమ పడి లైనక్స్ వెర్షన్ తెచ్చారు, కొన్ని పెద్ద కంపెనీలు ఆ వైపే రాలేదు. ఫ్రీక్యాడ్ సంగతి వేరు. యూర్గెన్ రీగెల్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టు తొలి వెర్షన్ 2002లో వచ్చింది. మెనూలు, విండోలకి క్యూటీ, త్రీడీ బొమ్మకి కాయిన్‌త్రీడీ, జ్యామితి లెక్కలకి ఓపెన్‌క్యాస్కేడ్. మూడూ లైనక్స్‌లో సహజంగా నడిచేవే. యాప్‌ఇమేజ్ ఫైల్ దింపుకుని, నడిపే అనుమతి ఇచ్చి తెరిస్తే చాలు, ఇన్‌స్టాల్ చేసే పని కూడా లేదు. ఒక్క జాగ్రత్త: త్రీడీ బొమ్మ మినుకుమినుకుమంటుంటే, మీ ఉబుంటులో ఆ ఎంపిక ఉంటే, లాగిన్ దగ్గర వేలాండ్ బదులు ఎక్స్‌ఆర్గ్ ఎంచుకుని చూడండి (రెండూ తెర మీద బొమ్మ చూపించే వ్యవస్థలే). నాకు దాంతోనే సర్దుకుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. 0.19 రోజుల్లో 300 బై 200 బేస్ ప్లేట్ ఒకటి, 25 మందం. పైముఖం మీద నాలుగు డోవెల్ హోల్స్ (పార్టు కచ్చితమైన చోట కూర్చోడానికి పెట్టే పిన్నుల రంధ్రాలు), 8 హెచ్7. అంటే రంధ్రం 8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 15 మైక్రాన్లకు మించి పెరగకూడదు. డిజైన్ అయిపోయాక చిప్స్ బయటికి పోవడానికి ఒక పక్కన స్లాట్ కావాలన్నాడు కస్టమర్. మొదటి స్కెచ్‌లోకి (త్రీడీ ఆకారానికి ఆధారమైన గీతల బొమ్మ) వెళ్లి స్లాట్ చేర్చాను, మోడల్ మళ్లీ లెక్కయింది, ఎర్రర్ ఏదీ రాలేదు, ప్రింట్ తీసి కిందికి పంపాను. పది నిమిషాలకి మా వీఎంసీ ఆపరేటర్ కాగితం పట్టుకుని పైకొచ్చాడు. పుంగనూరు అబ్బాయి. "అన్నా, డోవెల్ హోల్స్ పక్క గోడలో ఉన్నాయేంది?" అన్నాడు. ప్లేట్ ఇంకా మెషిన్ ఎక్కలేదు కాబట్టి బతికిపోయాం.

జరిగిందేమిటంటే, మోడల్ తిరిగి లెక్కించిన ప్రతిసారీ ముఖాలకి కొత్తగా నంబర్లు పడతాయి. నా రంధ్రాల స్కెచ్ ఫేస్6 అనే పేరుకి అతుక్కుని ఉంది. స్లాట్ చేరాక పైముఖం నంబర్ మారిపోయి, ఒక పక్క గోడ ఫేస్6 అయింది. రంధ్రాలు ఆ పేరు వెంట వెళ్లిపోయాయి. దీన్నే టోపలాజికల్ నేమింగ్ సమస్య అంటారు. ఫ్రీక్యాడ్‌ని ఏళ్ల తరబడి వేధించిన సమస్య ఇది. రియల్‌థండర్ అనే పేరుతో రాసే డెవలపర్ దీనికి దారి చూపించాడు. ఒక ముఖం ఏ గీత నుంచి, ఏ ఆపరేషన్ వల్ల పుట్టిందో ఆ వివరమంతా దాని పేరులోనే మోసుకెళ్లే పద్ధతి. ఆ పని ఆధారంగా చేసిన పరిష్కారం 2024 నవంబర్‌లో వచ్చిన 1.0లో చేరింది. అదే ప్లేట్‌ని 1.0లో కొత్తగా గీసి, అదే స్లాట్ పెట్టి చూశాను. రంధ్రాలు కదల్లేదు. ఆ సాయంత్రం నాకు కలిగిన సంతోషం చిన్నది కాదు.

పూర్తిగా పోయిందా అంటే లేదు, బాగా తగ్గింది. అందుకే నా పాత అలవాటు మానలేదు. స్కెచ్‌ని ముఖం మీద పెట్టను, పార్టు ముఖాల మీద ఆధారపడకుండా ఆరిజిన్ ప్లేన్‌కో (మూల అక్షాల తలం) డేటమ్ ప్లేన్‌కో (మనమే పెట్టుకునే ఆధార తలం) కడతాను. ఫిల్లెట్లు (అంచుల గుండ్రదనం) అన్నిటికంటే చివర్న. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఈ రెండూ మొదటి రోజు నుంచే పాటించాలి.

నాకు అన్నిటికంటే నచ్చింది స్ప్రెడ్‌షీట్. ప్లేట్ పొడవు, పిచ్ సర్కిల్ (రంధ్రాల కేంద్రాలు పడే వృత్తం), పిన్ వ్యాసం ఒక్కో గడిలో రాసి పేరు పెట్టుకుంటాను. స్కెచ్‌లో డైమెన్షన్ అడిగినచోట సమానం గుర్తు కొట్టి ఆ పేరు ఇస్తాను. ఒకే రకం ఫ్లాంజ్ మూడు సైజుల్లో వచ్చిందనుకోండి, ఒక ఫిక్చర్ గీసి గడుల్లో అంకెలు మారుస్తాను. ఒకప్పుడు రోజున్నర పట్టిన పని ఇప్పుడు మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోతుంది. పైథాన్ కూడా అంతే. మెనూలో నొక్కిన చాలా పనులకు సంబంధించిన పైథాన్ కోడ్ కింద కన్సోల్‌లో కనబడుతుంది. అది చూసే నేర్చుకుని, ఫోల్డర్‌లోని పార్టులన్నిటినీ స్టెప్ ఫైళ్లుగా (వేరే క్యాడ్‌లలోనూ తెరుచుకునే ఫైళ్లు) మార్చే మాక్రో రాసుకున్నాను. నేను చదివింది డిప్లొమా మెకానికల్, ప్రోగ్రామింగ్ కాదు.

ఇబ్బందులూ ఉన్నాయి. డ్రాయింగ్ తీసే భాగమైన టెక్‌డ్రాలో ఫస్ట్ యాంగిల్ వ్యూలు సరిగ్గానే వస్తాయి కానీ, పార్టు పెద్దదైతే ఒక్కో వ్యూ కదలడానికి చాలాసేపు పడుతుంది. అంచులు కలిసే మూలల్లో ఫిల్లెట్ కొన్నిసార్లు ససేమిరా పడదు. వ్యాసార్థం కొంచెం మార్చి మళ్లీ ప్రయత్నించాల్సిందే. కస్టమర్లు పంపే డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ డ్రాయింగ్ ఫైల్) నేరుగా తెరుచుకోదు, ఓడీఏ ఫైల్ కన్వర్టర్ విడిగా పెట్టుకోవాలి. అసెంబ్లీ (విడి పార్టుల్ని కలిపి చూసే) సౌకర్యం 1.0తోనే సొంతంగా వచ్చింది. ముప్పై నలభై పార్టుల ఫిక్చర్‌కి సరిపోతుంది, వందల పార్టుల మెషిన్‌కి నేనైతే నమ్ముకోను.

చిన్న షెడ్డు, ఫిక్చర్లు, జిగ్‌లు, షీట్ మెటల్ బ్రాకెట్లు చేసేవాళ్లు ధైర్యంగా మారొచ్చు. రెండు నెలలు మాత్రం పాతదాన్ని పక్కనే ఉంచుకోండి. మీ కస్టమర్ డీడబ్ల్యూజీ తప్ప మరేదీ తీసుకోనంటే, ముందు బ్రిక్స్‌క్యాడ్ ట్రయల్ వేసి చూడండి.

నా దగ్గర 0.19 కాలం ఫైళ్లు నూట నలభై దాకా ఉండేవి. రోజూ షెడ్డు మూసే ముందు రెండు తెరిచి, 1.0లో మళ్లీ లెక్కించి, ప్రతి రంధ్రాన్నీ పాత ప్రింటుతో సరిచూసుకుని సేవ్ చేస్తున్నాను. ఇంకా ముప్పై ఒకటి మిగిలాయి.