రాణిగంజ్‌లో కొన్న పాత త్రీ-జా చక్: కొన్నేళ్లు వాడాక

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పాత 200 మి.మీ. త్రీ-జా చక్‌ను కొత్తదాని ధరలో మూడో వంతుకు కొన్నాను. లేతు అంటే లోహపు ముక్కను తిప్పుతూ కోసే యంత్రం; ఆ ముక్కను మూడు దవడలతో (జాలతో) పట్టుకునేదే ఈ చక్. కొన్నేళ్లుగా మా షెడ్డులోని లేతు మీద తిరుగుతోంది. పనితనానికి సగం మార్కులే వేస్తాను, భద్రత విషయంలో మాత్రం వంక పెట్టను.

అమ్మేవాళ్లు సెంటర్ ఎంత తప్పుతోందో కొలిచే డయల్ గేజ్ పెట్టి సూది ఎంత కదిలిందో చూపిస్తారు. అది చూసి మురిసిపోవద్దు. సెంటర్ తప్పితే జాలు గ్రైండింగ్ చేయించుకోవచ్చు, పగిలిన బాడీని మాత్రం ఎవరూ బాగుచేయలేరు. పోత ఇనుముకు వెల్డింగ్ పెట్టి రంగు కొట్టిన చక్‌ను తూకానికి ఇచ్చినా నేను తీసుకోను.

జాలు మూడూ విప్పించి, బాడీని కిరసనాయిలుతో కడిగి, బాగా తుడిచి సుద్దపొడి చల్లాను. పగులుంటే అందులోకి దిగిన కిరసనాయిలు కాసేపటికి సుద్ద మీద సన్నని తడి గీతగా తేలుతుంది. జా జారే గాడుల లోపలి మూలలు, నడిమి రంధ్రం అంచు, జాలను బిగించే కీ పెట్టే చదరపు రంధ్రాల చుట్టూ వెతకాలి. నా దానిలో గీత తేలలేదు. కానీ ఒక కీ రంధ్రం మూలలు కాస్త గుండ్రబడ్డాయి. ఎవరో కీ పిడికి పైపు తొడిగి బిగించారన్నమాట. ఆ మొరటు బలం కీ తిప్పే చిన్న పళ్ల చక్రమైన పినియన్‌తో ఆగదు, జాలను కదిపే చుట్టు పళ్ల పళ్లెం, అంటే స్క్రోల్ పళ్ల దాకా పోతుంది. అందుకే స్క్రోల్‌ను టార్చ్ వేసి చూశాను. జాల మీది 1, 2, 3 అంకెలతో పాటు సీరియల్ నంబరు కూడా బాడీతో కలిసింది. వేరే చక్ జాలు తెచ్చి తగిలించి అమ్మడం మామూలే.

అసలు ఫిర్యాదు జాల అరుగుదల మీద. నున్నని కడ్డీ బిగించి, ముందు అంచు దగ్గర పెట్టిన పలుచని కాగితం లాగితే సులువుగా వచ్చేసింది. అంటే పట్టు వెనక వైపే ఉంది. అలా పట్టిన ముక్క టూల్ తగలగానే ఊగుతుంది, తర్వాత ఎగిరిపోతుంది. గ్రైండింగ్ చేయించాకే దాన్ని పనిలో పెట్టాను.

గరిష్ఠ వేగం అంకె చెరిగిపోయింది. ఆకురాయితో రుద్దితే పొడి వేళ్లకు నల్లగా అంటింది, కాబట్టి పోత ఇనుమే, ఉక్కంత వేగం తట్టుకోదు. జాలను బయటికి లాగే బలం వేగం వర్గంతో పెరుగుతుంది, 500 నుంచి 1000 ఆర్‌పీఎంకు వెళితే నాలుగింతలు. నేను 600 దాటను.

చక్‌ను లేతుకు బిగించే బ్యాక్ ప్లేట్ స్క్రూల పొడవు కూడా చూసుకోండి. కొన రంధ్రం అడుగును తాకితే బిగిసినట్టే అనిపిస్తుంది, చక్ మాత్రం వదులుగానే ఉంటుంది. మొదటిసారి ముక్క లేకుండా, నెమ్మది వేగంలో, చక్‌కు ఎదురుగా కాకుండా పక్కకు జరిగి తిప్పాను.

మందపాటి కోతలకు దీన్ని నమ్మను, వాటికి ఫోర్-జా వేరే ఉంది. బుష్‌లు, పిన్నులు, చిన్న షాఫ్టులకైతే ఇదే వాడుతున్నాను.