ఊగుడు వేరు, వణుకు వేరు: పాత హోండా సిటీ వీటెక్ ఐడ్లింగ్ బాగుచేయించి రెండేళ్ళు

తిరుపతి అన్నమయ్య సర్కిల్ దగ్గర ఎర్రలైటు పడిందంటే నాకు టెన్షన్ మొదలయ్యేది. గేరు తీసి న్యూట్రల్‌లో పెట్టగానే ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) ముల్లు 1000 నుంచి 1800కి ఎగిరి, మళ్ళీ 1000కి జారి, ఉయ్యాల ఊగేది. నేనేదో పందేనికి పిలుస్తున్నాననుకుని పక్కన ఆటో అతను నవ్వేవాడు. చిత్తూరు దాకా వెళ్ళొచ్చిన రోజైతే వరస మారేది. ముల్లు 500 దగ్గరికి పడిపోయి స్టీరింగు, సీటు, డ్యాష్‌బోర్డు మీద వెంకన్న బొమ్మ అన్నీ వణికేవి. ఏసీ వేస్తే ఇంజన్ ఆగిపోయేది.

కారు 2001 మోడల్ హోండా సిటీ 1.5 వీటెక్. 1493 సీసీ, 106 గుర్రాల బలం. నేను దీన్ని స్పోర్ట్స్ కారంటాను. నాలుగు తలుపుల కారును స్పోర్ట్స్ కారంటావేమిటని మా బావ ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. మన దేశంలో తయారైన కార్లలో ఆ రోజుల్లో కుర్రాళ్ళు గోడకు బొమ్మ అతికించుకునే కారు ఇదే, బావా. 2016లో కొన్నాను. మొదటి మూడేళ్ళు ఏ పేచీ పెట్టలేదు. తర్వాత మొదలైంది వణుకు, వేడెక్కినప్పుడు మాత్రమే, కొద్దిగా.

ఆ కొద్దిపాటి వణుకుకు నేను చేయించిన వైద్యం చెబితే సిగ్గేస్తుంది. తిరుపతిలో మొదటి షెడ్డులో ప్లగ్గులు మార్చారు. మార్పు లేదు. రెండోచోట ఇంజెక్టర్లు విప్పి అల్ట్రాసోనిక్ క్లీనింగ్ చేశారు, 2,400 రూపాయలు. పికప్ కాస్త మెరుగైంది, వణుకు అలాగే ఉంది. పోయేముందు అక్కడి కుర్రాడు థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలి పోయే ద్వారం) మీది ఐడిల్ స్క్రూ, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పటి స్పీడు సర్దే మర, రెండు తిప్పులు తిప్పి, "ఇప్పుడు చూడండి సార్" అన్నాడు. నిజంగానే వణుకు తగ్గింది. అతనికి యాభై రూపాయలు టీకి కూడా ఇచ్చాను. ఊగుడు మొదలైంది ఆ తర్వాతే. ఈ రెండు సంగతుల్నీ కలిపి చూడాలని అప్పట్లో నాకు తట్టలేదు. మూడోచోట థ్రాటిల్ బాడీ మొత్తం మార్చాలన్నారు. చెన్నై పుదుపేటకు పోయి సెకండ్ హ్యాండ్‌ది 6,500కి పట్టుకొచ్చాను. దాన్ని బిగించాక కూడా కారు ఊగింది. ఆ వస్తువు ఇప్పుడు మా అటక మీద ఉంది, ఎవరికైనా కావాలంటే వచ్చి పట్టుకెళ్ళండి.

చివరికి చిత్తూరులో ఒక రేకుల షెడ్డు మేస్త్రి దగ్గరికి చేరాను. ఆయన ముందు బానెట్ కూడా ఎత్తలేదు. కుర్చీ వేసుకుని పావుగంట ఇంజన్ శబ్దం విన్నాడు. "సామీ, దీనికి రెండు జబ్బులుండాయి. మీరు అందరి దగ్గిరా ఒకటే మాత్ర మింగిస్తావుండారు" అన్నాడు.

ముందు ఊగుడు సంగతి. ఈ కారులో గాలిని నేరుగా కొలిచే మీటరు లేదు. ఇన్‌టేక్ మానిఫోల్డులో (సిలిండర్లకు గాలి పోయే గొట్టాల్లో) ఒత్తిడి చూసే మ్యాప్ సెన్సార్ ఉంది. ఆ ఒత్తిడి, ఆర్పీఎం, వేడి లెక్కలోకి తీసుకుని ఇంజన్ కంప్యూటర్ పెట్రోలు చల్లుతుంది. కాబట్టి ఎక్కడన్నా చిరిగిన ట్యూబులోంచి దొంగగాలి దూరితే ఇంజన్ ఆగిపోదు, స్పీడు పెరుగుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు లేదు, ఆర్పీఎం మాత్రం ఎక్కువగా ఉంది. బండి వాలులో దిగుతోందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఆపేస్తుంది. ముల్లు పడుతుంది. పడుతోంది కదా అని మళ్ళీ ఇస్తుంది, లేస్తుంది. అదే ఉయ్యాల. ఇందులో కంప్యూటర్ తప్పు లేదు, పాపం.

స్ప్రే కొట్టి లీకు పట్టడం చాలామంది చేసే పని. వేడి ఎగ్జాస్ట్ పక్కన అది మంచిది కాదని మేస్త్రి ప్లయర్ తీసుకుని ఒక్కో రబ్బరు ట్యూబును మెల్లగా నొక్కుతూ పోయాడు. పీసీవీ వాల్వ్ ట్యూబు (ఇంజన్ లోపలి ఆవిర్లను మళ్ళీ ఇన్‌టేక్‌కు పంపేది) నొక్కగానే ఊగుడు సగానికి తగ్గింది. తీసి చూస్తే కింది వైపు, కంటికి కనబడని చోట, అప్పడంలా ఎండి చీలి ఉంది. కొత్తది 60 రూపాయలు. మిగతా సగం ఐడ్లింగ్‌లో గాలిని సర్దే ఐడిల్ వాల్వ్‌లో ఉంది. లోపల మసి పేరుకుని, తెరుచుకోవాల్సినప్పుడు తెరుచుకోదు, మూసుకోవాల్సినప్పుడు మూసుకోదు. విప్పి, కడిగి, కొత్త రబ్బరు రింగు వేసి బిగించాడు.

ఇంతకుముందు నేను చెక్ ఇంజన్ లైటు మిణుకులు లెక్కపెట్టి వాల్వ్ బాగుందని నిర్ధారించుకున్నాను. డ్యాష్ కింద రెండు పిన్నుల కనెక్టర్‌ను వైరు ముక్కతో కలిపితే, ఒక పొడుగు నాలుగు పొట్టి మిణుకులు వస్తే ఐడిల్ వాల్వ్ కోడ్, అంటే 14. నాకు రాలేదు. ఆ కోడ్ కరెంటు వైపు తేడా ఉంటేనే వస్తుంది, మసి పడితే కంప్యూటర్‌కు తెలియదు. కోడ్ లేదంటే జబ్బు లేదనుకోవడం నా పొరపాటు.

తర్వాత వాల్వ్ కనెక్టర్ పీకి, నా టీ డబ్బుల కుర్రాడు తిప్పిన స్క్రూను వెనక్కి తిప్పి, మళ్ళీ కనెక్టర్ పెట్టాడు. ఊగుడు పూర్తిగా పోయింది. పోగానే వణుకు మునుపటికన్నా ఎక్కువైంది! నేను బేజారయ్యాను. మేస్త్రి మాత్రం, ఇప్పుడు దొంగ బయటికొచ్చినాడు అన్నాడు. స్క్రూ తిప్పి ఆర్పీఎం పెంచడంతో వణుకు కనబడకుండా పోయిందే గాని పోలేదు. ఆ పెంచిన గాలి, తర్వాత చీలిన ట్యూబు కలిసి ఊగుడు పుట్టించాయి.

వణుకు పట్టుకోవడానికి ఇంజన్ బాగా వేడెక్కేదాకా ఆగి, రబ్బరు పిడి ఉన్న ప్లయర్‌తో ఒక్కో ప్లగ్ వైరు పీకి చూశాడు. ఒకటి, రెండు, నాలుగు పీకినప్పుడు ఇంజన్ ఇంకా కుంటింది. మూడోది పీకితే తేడాయే లేదు. మూడో సిలిండర్ పనిచేయడం లేదన్నమాట. ప్లగ్గూ వైరూ మొదటి దానితో అటూ ఇటూ మార్చినా జబ్బు మూడులోనే ఉంది. స్క్రూడ్రైవర్ మొన ఇంజెక్టర్ మీద పెట్టి పిడి చెవికి ఆనిస్తే టిక్‌టిక్ బాగానే వినబడింది. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకున్నప్పటి ఒత్తిడి) గేజ్ పెడితే మిగతా మూడు 180 పీఎస్ఐకి దగ్గర, ఇది 135. ఇంజన్ దించాలేమోనని నా గుండె జారింది.

దించలేదు. తేడా ట్యాపెట్లలో, అంటే వాల్వ్‌లకూ వాటిని నొక్కే మీటలకూ మధ్య సందులో. ఇంతకాలం నేను ట్యాపెట్ అంటే శబ్దం చేస్తేనే చూసుకోవాలనుకున్నాను. ఈ ఇంజన్‌లో ఎగ్జాస్ట్ వాల్వ్ అరుగుతూ సీటులోకి దిగిపోతుంది, సందు తగ్గుతూ వస్తుంది. సందు తగ్గితే శబ్దం రాదు, ఇంకా నిశ్శబ్దమవుతుంది. వేడికి వాల్వ్ సాగినప్పుడు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది. నా కారు ఎంత మెత్తగా నడుస్తోందో చూడండి అని గొప్పలు చెప్పుకున్న రోజులు గుర్తొచ్చాయి.

ట్యాపెట్ సెట్టింగ్ చేయాలంటే ఇంజన్ హెడ్ 38 డిగ్రీలకన్నా చల్లగా ఉండాలని హోండా పుస్తకం చెబుతుంది. అది మే నెల. మన దగ్గర మధ్యాహ్నం స్టార్ట్ చేయని ఇంజన్ కూడా అంతకన్నా వేడిగా ఉంటుంది. కాబట్టి రాత్రి కారు షెడ్డులోనే వదిలేసి, నేను చుట్టాలింట్లో పడుకుని, తెల్లారి ఐదింటికి వెళ్ళాను. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్‌లో 0.15 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) కూడా దూరలేదు. అన్నీ సరిచేసి ఇన్‌టేక్ 0.20, ఎగ్జాస్ట్ 0.25 మిల్లీమీటర్లకు పెట్టాడు. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ 650, మొత్తం కూలి 1,200. మూడో సిలిండర్ కంప్రెషన్ 170కి వచ్చింది. అటక మీది థ్రాటిల్ బాడీ ఖర్చులో ఇదంతా మూడో వంతు కూడా లేదు.

ఇదంతా జరిగి రెండేళ్ళు, 22,000 కిలోమీటర్లు. ఐడిల్ ఇప్పుడు 750 దగ్గర నిలబడుతుంది. ఏసీ వేస్తే ముల్లు ఒకసారి చిన్నగా తల ఊపి సర్దుకుంటుంది. ఊళ్ళో మైలేజీ 11 నుంచి 13కి పెరిగింది. ట్యాపెట్లు ఇప్పుడు సన్నగా చిటచిటమంటాయి, ఆ శబ్దం నాకు నచ్చుతోంది.

ఒకేసారి ఇబ్బంది పెట్టింది. సుమారు 15,000 కిలోమీటర్ల తర్వాత, మదనపల్లె నుంచి వస్తూ భాకరాపేట ఘాట్ దిగాక టీకి ఆగితే మళ్ళీ ఊగుడు. నా ప్రాణం ఉసూరుమంది. ఫోన్ చేస్తే మేస్త్రి, నీళ్ళు చూసుకో సామీ అన్నాడు. చల్లారాక రేడియేటర్ మూత తీస్తే అర లీటరు తక్కువ. ఐడిల్ వాల్వ్ చుట్టూ కూలెంట్ తిరుగుతుంది. అందులో గాలి చేరితే వేడి లెక్క తప్పి ఆర్పీఎం ఊగుతుంది. ఇంటికొచ్చాక గాలి వదిలే బ్లీడ్ బోల్ట్ వదులు చేసి గాలి బుడగలు పోయేదాకా కూలెంట్ పోసి, వదులైన మూత మార్చాను. ఆ తర్వాత రాలేదు.

పూర్తిగా కుదరనిది ఒకటుంది. పుదుపేటలోనే కొన్న చవకరకం ఇంజన్ మౌంటింగ్, అంటే ఇంజన్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ. రబ్బరు మరీ గట్టిది, రివర్స్ గేరులో అద్దం వణుకుతుంది. దాన్ని చూసి ఐడ్లింగ్ మళ్ళీ పాడైందనుకుని రెండుసార్లు కంగారుపడ్డాను. ఇంజన్ సాఫీగా ఉండి బాడీ మాత్రం వణికితే మౌంటింగే. అందులో డబ్బు మిగుల్చుకోబోయి చెడ్డాను, మీరు ఆ పని చేయకండి. ఇంజెక్టర్ క్లీనింగ్ డబ్బులు మాత్రం దండగ అనలేను, అంత పాత కారుకు ఎప్పుడో ఒకప్పుడు చేయించాల్సిందే. మొదట చేయించడమే తప్పు.

డిసెంబరులో ట్యాపెట్లు మరోసారి చూడాలి. ఈసారి చలికాలం కాబట్టి ఐదింటికి లేవక్కర్లేదు, తిరుపతికే వస్తానని మేస్త్రి మాటిచ్చాడు. మౌంటింగ్ కూడా అప్పుడే మార్చమన్నాను.