కిటికీ పక్క సీటు దొరికితే చాలు: అరకు రైలు మీద నా మాట

మా పెద్దవాడు ఒళ్లో ఉన్నప్పుడు, 2009లో, మొదటిసారి ఎక్కాం విశాఖ నుంచి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ పాసింజర్. ఇప్పుడు వాడు నాకన్నా పొడుగు. ఈలోగా వానలో, చలిలో, ఎండలో కలిపి పదకొండుసార్లు వెళ్లొచ్చాను. అరకులో ఏమేం చూడాలని ఎవరడిగినా, ముందు రైల్లో కిటికీ పక్క సీటు చూసుకోండి అంటాను. నాకైతే ఆ నాలుగు గంటలే అసలు యాత్ర.

విశాఖలో పొద్దున్న ఏడు లోపే బయల్దేరుతుంది. శృంగవరపుకోట దాకా మామూలు ఊళ్లే, టిఫిన్ పొట్లాలు అప్పుడే విప్పేసుకోండి. బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలవుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి... స్టేషన్ పేర్లు వస్తుంటాయి గానీ చుట్టూ కనిపించేదంతా అడవే. ఒక పక్క నీళ్లు కారుతున్న రాతిగోడ చేతికందేంత దగ్గర, రెండో పక్క చూస్తే కాళ్లు జివ్వుమనే లోయ. వంపు తిరిగినప్పుడు మన బండి ఇంజినే ముందున్న సొరంగంలోకి దూరిపోవడం కనిపిస్తుంది. ఆ క్షణంలో పెట్టెల్లోని పిల్లలంతా ఒక్కసారిగా కేకేస్తారు, పెద్దవాళ్లూ కలుస్తారు.

ఈ లైన్ మీద 58 సొరంగాలు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి 1960ల్లో ఈ కొండలు తొలిచారు. ఇవాళ్టికీ ఖనిజం గూడ్సుల రాకపోకలే ఎక్కువ. క్రాసింగ్ కోసం మన బండిని ఏ చిన్న స్టేషన్లోనో ఆపేస్తారు. ఒకసారి గంటకు పైగా ఆగాం. మొదట్లో విసుగనిపించేది, ఇప్పుడు దాని కోసమే ఎదురుచూస్తాను. పంకాల చప్పుడు తప్ప ఏమీ ఉండదు, ఎక్కడో నీటి పాయ వినిపిస్తుంది, జామకాయల బుట్టతో ఓ అవ్వ కిటికీ కిందికొస్తుంది.

2017 నుంచి అద్దాల పెట్టె, అదే విస్టాడోమ్, కూడా ఉంది. సీట్లు తిరుగుతాయి, పైకప్పు అద్దంలోంచి కొండ కొస దాకా కనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలకు అదే తీసుకోండి. కానీ ఏసీలో తడి మట్టి వాసన రాదు, సొరంగంలోని చల్లగాలి మొహానికి కొట్టదు. నేను రెండుసార్లు ఎక్కి, మళ్లీ మామూలు పెట్టెకే వచ్చేశాను.

ఎప్పుడెళ్లాలంటే, నా ఓటు సెప్టెంబరు, అక్టోబరు. కొండ కొండకీ జలపాతమే. భారీ వానలుంటే మాత్రం ముందురోజు కనుక్కోండి, కొండచరియలు పడితే బండ్లు ఆపేస్తారు. నవంబరు చివర వెళ్తే అరకుకు ముందొచ్చే షిమిలిగూడ స్టేషన్ బోర్డు మీద 996.32 మీటర్ల ఎత్తు చదువుకుని కిందికి దిగుతుండగా వలిసె పూల పసుపు మొదలవుతుంది. ఎండాకాలం వద్దు.

ఒక్కరోజులో తిరిగి రావాలంటే వెళ్లేటప్పుడే రైలు, వచ్చేటప్పుడు బస్సు. చలికాలంలో తిరుగు రైలు ఎక్కితే ఘాట్‌లోనే చీకటి పడి ఏమీ కనిపించదు. తలుపు దగ్గర వేలాడే కుర్రాళ్లను చూస్తే మాత్రం నాకు టెన్షన్, సొరంగం గోడ అంత దగ్గరగా ఉంటుంది. ఇంకో బాధ, లోయలోకి విసిరే చిప్స్ కవర్లు. చిమిడిపల్లి దగ్గర పట్టాల పక్కన అవి మెరుస్తుంటే మనసు చివుక్కుమంటుంది. మేం ఇంటి నుంచే ఓ ఖాళీ సంచి పట్టుకెళ్తాం, పక్క సీట్లవాళ్ల చెత్త కూడా అడిగి అందులో వేయించుకుంటాం.