బాత్ ఎక్కడ కొంటే గిట్టుబాటు? బ్యాంకాక్‌లో మా అయిదు రోజులు

బయల్దేరే ముందు వారం హైదరాబాద్‌లో ముగ్గురు మనీ ఛేంజర్లని అడిగాను. డాలర్ అంటే అందరూ గూగుల్ రేటు మీద రూపాయి అటూ ఇటూగా చెప్పారు. థాయ్‌లాండ్ కరెన్సీ బాత్ అనగానే ఒక్కొక్కరిది ఒక్కో మాట, తక్కువలో తక్కువ అయిదారు శాతం పైన. డాలర్ రోజూ వచ్చిపోయే సరుకు, బాత్ నోట్లు తెప్పించి పెట్టుకోవాలి మరి. తమాషా ఏంటంటే "జీరో కమిషన్" బోర్డు పెట్టుకున్న షాపులోనే రేటు అన్నిటికన్నా దారుణం. కమిషన్ అంతా రేటులోనే కలిపేశాక విడిగా తీసుకోవడానికి ఏం మిగుల్తుంది?

అందుకని ఇక్కడ డాలర్లు కొని, అక్కడ బాత్ చేసుకుందాం అన్నాను. "రెండుసార్లు మారిస్తే రెండుసార్లు పోతుంది కదండీ" అంది మా ఆవిడ. కాగితం మీద లెక్కేసి చూపిస్తే ఒప్పుకుంది. అరలక్ష రూపాయల మార్పిడికి జీఎస్టీ 90 రూపాయలే, అసలు కోత రేటులోనే ఉంటుంది. పాన్ కార్డు, పాస్‌పోర్టు, టికెట్ కాపీ ఇస్తే పావుగంట పని. 50,000 దాటితే మాత్రం నగదు తీసుకోరు, అకౌంట్ నుంచి పంపాలి. నోట్ల రూపంలో ట్రిప్పుకి మనిషికి 3,000 డాలర్ల దాకా తీసుకెళ్లొచ్చట. అంత సీన్ మాకు లేదు, ఇద్దరికీ కలిపి 600 తీసుకున్నాం. వంద నోట్లు అయిదు, యాభైలు రెండు.

ఆ యాభైల దగ్గరే తప్పు చేశాను. చూసుకోకుండా జేబులో పెట్టేశాను.

బ్యాంకాక్ ఎయిర్‌పోర్టు సువర్ణభూమిలో తెల్లవారుజామున దిగాం. సామాన్లు తీసుకుని బయటికి రాగానే కౌంటర్లు వరసగా మెరుస్తూ పిలుస్తాయి. వాటిని దాటేసి లిఫ్టులో కిందికి, బి అంతస్తుకి, ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ స్టేషన్ ఉన్న చోటికి వెళ్లండి. అక్కడ సూపర్‌రిచ్ లాంటి ప్రైవేటు కౌంటర్లు నాలుగైదు ఉంటాయి. మేం వెళ్లేసరికి కొన్ని ఇంకా షట్టర్లు తెరవలేదు. తెరిచినవాటితో పోల్చినా పై కౌంటర్లకీ వీటికీ వంద డాలర్ల మీద దాదాపు 200 బాత్ తేడా ఉంది. అంటే ఒక పూట ఇద్దరి భోజనం. బోర్డు మీద కొనే రేటు, అమ్మే రేటు పక్కపక్కనే రాస్తారు. వాటి మధ్య ఎడం ఎంత తక్కువుంటే ఆ కౌంటర్ అంత నయం, గూగుల్ కూడా అక్కర్లేదు.

ఇంకో సంగతి. ఒకే డాలర్‌కి నోటుని బట్టి వేరువేరు రేట్లుంటాయి: వంద నోటుకి ఒకటి, యాభైకి ఒకటి, ఇరవై నుంచి కిందికి ఇంకా తక్కువ. కౌంటర్లో అమ్మాయి మా వందల్ని మెషీన్‌లో వేసి చకచకా లెక్కపెట్టింది. ఒక యాభై నోటుని మాత్రం వెలుతురుకి ఎత్తి చూసి, ఒక మూల బొటనవేలితో రుద్ది, అద్దం కింద నుంచి వెనక్కి తోసేసింది. చిన్న నీలం రబ్బరు ముద్ర, కందిగింజంత. ఏ షాపువాడు వేశాడో. నేను బతిమాలబోయాను, ఆవిడ వెనకాల మనిషిని పిలిచేసింది.

మొదటిరోజు 200 డాలర్లే మార్చి, మిగతావి ఊళ్లో రాచదమ్రి రోడ్డులో మార్చాం. ప్రతూనామ్‌లో రూము తీసుకోవడం ఇందుకు కలిసొచ్చింది, నడిచి వెళ్లేంత దూరం. నారింజ రంగు సూపర్‌రిచ్, పచ్చ రంగు సూపర్‌రిచ్ వేరువేరు కంపెనీలు, రెండూ అక్కడే. పాస్‌పోర్టు తప్పనిసరి. హోటల్ విషయానికొస్తే శుభ్రంగా ఉంది, కిందే ఇండియన్ భోజనం దొరుకుతుంది, కానీ పొద్దున్నే బట్టల మార్కెట్ సందడికి నిద్ర పట్టదు. చెకిన్ అప్పుడు 1,000 బాత్ డిపాజిట్ నగదే అడిగారు, వెళ్లేటప్పుడు ఇచ్చేశారు.

కార్డు సంగతి. మేం వెళ్లినప్పుడు ఏటీఎం విదేశీ కార్డుకి ప్రతిసారీ 220 బాత్ కోసేది, 2,000 తీసినా అంతే, 20,000 తీసినా అంతే. రెండు వేలకి 11 శాతం అన్నమాట! దానికి మన బ్యాంకు మార్కప్, అంటే మార్పిడి మీద వేసే అదనపు వాత, వేరే. తప్పనిసరైతే ఒకేసారి పెద్ద మొత్తం తీయండి. ఒక మాల్‌లో మా ఆవిడ బ్యాగు కొంటుంటే స్వైప్ మెషీన్ రూపాయలా బాత్‌లా అని అడిగింది. మేం చూసేలోపే సేల్స్ అమ్మాయి రూపాయలు నొక్కేసింది. స్లిప్పు మీద రేటు చూస్తే కడుపు రగిలింది. మనకి తెలిసిన రూపాయలే కదా అనిపిస్తుంది గానీ, మార్పిడి వాళ్ల రేటుకి జరుగుతుంది. ఎప్పుడూ బాత్ అనే చెప్పాలి, అదీ మన వేలితోనే నొక్కాలి.

చిల్లర దగ్గర ఉంచుకోండి. సేన్‌సేప్ కాలువ పడవలో కండక్టరు హెల్మెట్ పెట్టుకుని పడవ అంచు మీద నడుస్తూ డబ్బులు వసూలు చేస్తాడు. ఆయనకి వెయ్యి నోటు చూపించాను. ఆయన నన్నో చూపు చూశాడు.

ముద్ర పడ్డ యాభై డాలర్లు మాతోనే తిరిగొచ్చాయి. 2,000 డాలర్ల లోపు నోట్లు మన దగ్గర ఎన్నాళ్లైనా ఉంచుకోవచ్చు కాబట్టి ప్రస్తుతానికి బీరువాలో, పట్టుచీరల కింద ఉంది.