ట్రైజాల్ రివ్యూ: కణితి ముక్క నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసేవాళ్ల కోసం

నా పీహెచ్‌డీ రోజుల నుంచి ఇప్పటిదాకా ల్యాబ్‌లోకి ఎన్నో కిట్లు వచ్చాయి, పోయాయి. కణజాలాన్ని కరిగించి ఆర్‌ఎన్‌ఏ విడదీసే గులాబీ రంగు ద్రావణం, ట్రైజాల్ సీసా మాత్రం బెంచ్ మీదే ఉంది. క్యాన్సర్ జన్యువుల మీద పని మొదలుపెట్టే పిల్లలు "మేడమ్, కాలమ్ కిట్ (ఆర్‌ఎన్‌ఏను సిలికా పొరకు అంటించి వేరుచేసేది) కొందామా, ట్రైజాల్ కొందామా" అని అడుగుతుంటారు. రోగి కణితి మీద పనిచేస్తుంటే, నా ఓటు ట్రైజాల్‌కే.

మా పని అడ్డపొగ తాగే ఉత్తరాంధ్ర ఆడవాళ్లకు వచ్చే అంగిలి క్యాన్సర్ మీద. శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు ఉంది. వేడీ పొగా నేరుగా అంగిలికే తగులుతాయి. ఆ కణితిలో ఏ జన్యువులు రెచ్చిపోయాయి, ఏవి మూగబోయాయి అని తెలియాలంటే, ఆ జన్యువుల నకలైన ఆర్‌ఎన్‌ఏ చెడిపోకుండా కావాలి. చిక్కంతా అక్కడే. రక్తప్రసరణ ఆగిన కొద్ది నిమిషాల్లోనే ఫాస్, జున్ లాంటి ఒత్తిడికి స్పందించే జన్యువులు విజృంభించి అసలు చిత్రాన్ని మార్చేస్తాయి. ఇంకోపక్క ఆర్‌ఎన్‌ఏజ్ ఎంజైములు ఉన్న ఆర్‌ఎన్‌ఏను తినేస్తుంటాయి. ట్రైజాల్‌లోని గ్వానిడిన్ థయోసైనేట్ ఆ ఎంజైముల పని పడుతుంది. అయితే పెద్ద ముక్కను ఊరికే ముంచితే మందు లోపలికి దిగదు. మిల్లీలీటరుకు 50 నుంచి 100 మిల్లీగ్రాములు మించకుండా చిన్నగా కోసి, వెంటనే హోమోజినైజ్ చేయాలి, అంటే మెత్తగా చిదిమి కలిపేయాలి. గట్టిబడిన అంగిలి చర్మమైతే ముందు ద్రవ నైట్రోజన్‌లో నూరుకోవడమే మేలు.

నాకు ఎప్పటికీ విసుగురాని దశ ఒకటుంది. మిల్లీలీటరు ట్రైజాల్‌కు 0.2 మిల్లీలీటర్ల క్లోరోఫాం కలిపి, బాగా ఊపి, 4 డిగ్రీల దగ్గర 12,000 జీ వేగంతో 15 నిమిషాలు తిప్పి ట్యూబ్ తీస్తే, అడుగున గులాబీ, మధ్యలో తెల్లటి పొర, పైన నీళ్లలాంటి తేట. ఆమ్ల పీహెచ్‌లో డీఎన్‌ఏ కింది పొరల్లోనే ఆగిపోతుంది, ఆర్‌ఎన్‌ఏ తేటలోకి వస్తుంది. 1987లో కోమ్‌చిన్‌స్కీ, సాక్కీ కనిపెట్టిన కిటుకు ఇదే. 2014లో నేచర్ పత్రిక వేసిన అత్యధికంగా ఉటంకించిన పరిశోధనా పత్రాల జాబితాలో వాళ్ల పత్రం ఐదోది. ఆ తేటను మొత్తం లాగేయాలని ఆశపడొద్దు. తెల్ల పొరకు పైన కాస్త వదిలేయండి. అక్కడ అత్యాశకు పోతే డీఎన్‌ఏ వచ్చి పడుతుంది, తర్వాత జన్యువుల మోతాదు కొలిచే క్యూపీసీఆర్‌లో టెన్షన్.

లోపాలు లేవనను. ఫీనాల్, గ్వానిడిన్ జాడలు మిగిలితే నానోడ్రాప్ (కాంతితో ఆర్‌ఎన్‌ఏను కొలిచే యంత్రం)లో శుద్ధతను చెప్పే 260/230 నిష్పత్తి పడిపోతుంది. 75 శాతం ఇథనాల్‌తో ఇంకోసారి కడిగితే చాలావరకు సర్దుకుంటుంది. కణాలు మరీ తక్కువైతే జీసీ (గ్వానిన్, సైటోసిన్ అక్షరాలు) తక్కువున్న కొన్ని మైక్రో ఆర్‌ఎన్‌ఏలు, అంటే మరీ చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలు, జారిపోతాయని 2012లోనే తేలింది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ మీద పనిచేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. అయినా మామూలు సిలికా కాలమ్‌లు 200 న్యూక్లియోటైడ్ల (ఆర్‌ఎన్‌ఏ అక్షరాల) కంటే చిన్నవాటిని ఎక్కువగా వదిలేస్తాయి కాబట్టి, కణజాలం సరిపడా ఉంటే ట్రైజాలే నయం. ఫార్మలిన్‌లో ఉంచి మైనం పోసిన పాత బ్లాకులకు మాత్రం వాటి కోసమే చేసిన కిట్ తీసుకోండి.

చాలా ల్యాబుల్లో ఫీనాల్, థయోసైనేట్ లవణాలు కలిపి సొంతంగా కాచుకుంటారు. సెల్ లైన్లకు (ల్యాబ్‌లో పెంచే కణాలకు) అది చాలు, డబ్బులూ మిగులుతాయి. కానీ ఆపరేషన్ బల్ల మీద నుంచి వచ్చిన ముక్క మళ్లీ దొరకదు. దాని మీద ప్రయోగాలొద్దు.

భద్రత విషయంలో నేను కఠినంగానే ఉంటాను. ఫీనాల్ చర్మం మీద పడితే తిమ్మిరెక్కిస్తుంది, అందుకే కాలిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. ఫ్యూమ్ హుడ్, గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. ఒలికితే బ్లీచ్ పోయొద్దు, గ్వానిడిన్‌తో కలిసి విషవాయువులు వస్తాయి. వ్యర్థాన్ని సింకులో కాకుండా విడి డబ్బాలో పోసి, మీ సంస్థ రసాయన వ్యర్థాలవాళ్లకు అప్పగించండి.

కొత్త ల్యాబ్ అయితే ముందు 100 మిల్లీలీటర్ల సీసా కొనండి. మొదటి రోగి నమూనా ముట్టుకునే ముందు సెల్ లైన్ మీద చేయి తిప్పుకోండి.

రేటింగ్: 5కి 4.5.