అరబిక్ మాట్లాడేవాళ్లకి ఇంగ్లిష్ పరీక్షల్లో ఐఈఎల్‌టీఎస్ తేలికా, టోఫెల్ తేలికా?

అరబిక్ రాతలో పొట్టి అచ్చులు సాధారణంగా రాయరు. ఆ అలవాటుతో ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లోనూ అచ్చులు జారిపోతుంటాయి. ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్‌లో 40 ప్రశ్నలు, ఆడియో ఒక్కసారే వినిపిస్తుంది, చాలా జవాబులు సొంతంగా రాయాలి. విన్నది అర్థమైనా స్పెల్లింగ్ తప్పితే మార్కు పోయినట్టే. టోఫెల్ లిజనింగ్‌లో ఇచ్చినవాటిలోంచి ఎంచుకుంటే చాలు. ఇక్కడ టోఫెల్‌దే పైచేయి.

స్పీకింగ్‌కి మాత్రం నా ఓటు ఐఈఎల్‌టీఎస్‌కే. ప్రామాణిక అరబిక్‌లో 'ప' లేదు కాబట్టి 'పార్కింగ్' కాస్తా 'బార్కింగ్' అవుతుంది. అయినా ఎదురుగా మనిషి ఉంటారు, ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగొచ్చు. 11 నుంచి 14 నిమిషాల్లో అయిపోతుంది. టోఫెల్‌లో మైకుతో మాట్లాడాలి, టెన్షన్ ఎక్కువ.

గ్రామర్ తిప్పలు రెండింట్లోనూ ఒకటే. 'ఈజ్' మింగేసి 'హీ డాక్టర్' అంటారు. మనమూ 'ఆయన డాక్టర్' అనేవాళ్లమే కదా!